హారన్ ఒప్పందం

ఈ సంగతి ఇంతకాలం రాయకపోవడానికి మొదటి కారణం నాకు రాయడం రాకపోవడం. మా ఊళ్లో బడి ఉండేది కానీ అది మా అన్నదమ్ములకి. నేను పశువుల వెంట వెళ్లేదాన్ని. పెళ్లయి జంషెడ్‌పూర్ వచ్చాక చదువు మాట ఎత్తినవాళ్లు లేరు. యాభై దాటిన తరవాత, ఆడవాళ్లకి సాయంత్రాలు తెలుగు అక్షరాలు చెబుతున్నారని తెలిసి వెళ్లి కూర్చున్నాను. పేరు రాయడానికి నెల పట్టింది. ఉత్తరం చదవడానికి రెండేళ్లు పట్టింది.

రెండో కారణం మా అత్తగారు. ఆమె తప్పూ నా తప్పూ రాయకుండా ఇది రాయడం కుదరదు. ఆమె బతికి ఉండగా ఆ పని చేయబుద్ధి కాలేదు. ఆమె పోయి ఏడాది దాటింది.

మేము ఆ ఊళ్లో భాలుబాసా అనే పేటలో ఒక గది, ఒక వంట వసారా ఉన్న ఇంట్లో ఉండేవాళ్లం. గడప దాటితే రోడ్డే. తెల్లవారగానే వీధిలో ప్రతి ఇంటివాళ్లూ బొగ్గు పొయ్యి తెచ్చి రోడ్డు వార పెట్టి రాజేసేవాళ్లు. పొగ పోయి నిప్పులు ఎర్రబడేదాకా పొయ్యి బయటే ఉండాలి, లేకపోతే ఇంట్లో ఊపిరాడదు. రెండు వైపులా పొయ్యిలు, బిందెలు, నులక మంచాలు, సైకిళ్లు ఉండేవి. మనుషులు నడవడానికి మిగిలేది నడిమి రోడ్డు. లారీలకి మిగిలేదీ అదే.

మా ఆయన ఇసక లారీ తోలేవారు. మా వైపు నుంచి వచ్చినవాళ్లు నలుగురైదుగురు ఒకే ఠేకేదారు దగ్గర డ్రైవర్లు, కాంట్రాక్టరుని అక్కడ అలా అంటారు. వీధి మొదట్లో టీ కొట్టు పక్కన ఖాళీ జాగాలో లారీలు నిలబెట్టేవాళ్లు. నది ఒడ్డున ఇసక ఎత్తుకుని, కొత్తగా ఇళ్లు కడుతున్న చోట దింపి, మళ్లీ నదికి వెళ్లాలి. ఎన్ని ట్రిప్పులు వేస్తే అంత కూలి. పెద్ద రోడ్డు మీద షిఫ్టు మారే వేళ కార్ఖానా భోంపూ, అదే సైరను, కూసిందంటే సైకిళ్లు చీమల బారులా కదులుతాయి, అరగంట లారీ కదలదు. మా వీధిలోంచి దూరితే ఆ బాధ లేదు. మొదట మా ఆయనా, ఆయన స్నేహితుడు బొబ్బిలి వైపు మనిషీ ఆ దారి పట్టారు. ఏడాది తిరిగేసరికి లారీలన్నీ పట్టాయి.

మా ఆయన బ్రేకు మీద కాలు పెట్టే ముందు హారన్ మీద చెయ్యి పెట్టేవారు. అందరూ అంతే. ఇసక నిండిన లారీని ఒకసారి ఆపితే మళ్లీ ఊపు అందుకోవడానికి వీధి సగం అయిపోతుంది. హారన్ కొడితే మనుషులే తప్పుకుంటారు. ఒక్కో లారీకి ఒక్కో గొంతు. మా ఆయన లారీది మొదట బొంగురుగా మొదలై చివర సన్నమయ్యేది. అది వీధి మలుపులో వినబడితే నేను అన్నం వార్చేదాన్ని. నాలుగిళ్లలో నలుగురు ఆడవాళ్లం అలా హారన్‌ని బట్టి వంట చేసుకునేవాళ్లం. దాని మీద కోపం ఉండేది కాదు. అది మా మగవాళ్లు ప్రాణంతో తిరిగొచ్చారన్న మాట.

మా పిల్లకి మూడో ఏడు నడుస్తుండగా జ్వరం వచ్చింది. పన్నెండు రోజులు వదల్లేదు. తగ్గాక పిలిస్తే పలికేది కాదు. నీరసం అనుకున్నాం. ఒకరోజు అది మంచం మీద కూర్చుని గుడ్డ బొమ్మకి జుట్టు దువ్వుతోంది. దాని వీపు వెనక నా చేతిలోంచి ఇత్తడి బిందె జారి గచ్చు మీద పడింది. పక్కింటి ఆవిడ ఏమయిందోనని గుమ్మంలోకి వచ్చింది. పిల్ల దువ్వుతూనే ఉంది. పక్కింటావిడ వెళ్లిపోయాక నేను బిందె ఎత్తి మళ్లీ పడేశాను, ఈసారి కావాలనే. పిల్ల బొమ్మని అటు తిప్పి రెండో వైపు దువ్వింది.

మా అత్తగారు వసారాలోంచి అంతా చూశారు. వచ్చి తలుపు వేశారు.

"ఒలే, ఇటు సూడు. ఈ మాట ఈ గుమ్మం దాటకూడదు."

"ఎవలికైనా సూపిద్దామత్తా. మందు ఉంటాదేమో."

"మందుకి ఎల్దాం. కానీ వీధిలో ఎవలికీ సెప్పకు. నా సెల్లికి పేరుండేది. ఎవలికైనా తెలుసా? సెవిటిదాని ఇల్లు. సెవిటిదాని గొడ్డు. సెవిటిదాని పొలం. సచ్చిపోనాక పాడె మోసినోలు కూడా సెవిటిది ఎలిపోనాదనే అన్నారు. నా మనవరాలికి పేరుండాల."

"పిలిత్తే పలకదేటని అడిగితే ఏటి సెప్పాల?"

"పొగరని సెప్పు. సెవుడైతే జాలి పడతారు. పొగరైతే బయపడతారు."

మందుకి వెళ్లాం. చాలా చోట్లకి వెళ్లాం. ఎక్కడా గుణం కనబడలేదు. మా ఆయన మాత్రం "పెద్దయితే ఇనికిడి అదే వత్తాది" అనేవారు. ఇంట్లో పిల్ల ముందు గొంతుకూర్చుని, మొహం ఎదురుగా పెట్టి గట్టిగా మాట్లాడేవారు. పిల్ల ఆయన పెదాలు చూసి నవ్వేది. అది నవ్వితే విన్నదనుకునేవారు. జ్వరానికి ముందు వచ్చిన మాటలు కొన్ని దానికి మిగిలాయి. అమ్మా, నీళ్లు, వద్దు, ఇంకా నాలుగో ఐదో. ఎదటి మనిషి మొహం చూసి ఆ మాటల్లో ఒకటి అనేది. చాలాసార్లు సరిపోయేది.

వీధిలో నడిచేటప్పుడు నేను దాని వెనకే ఉండేదాన్ని. మెడ వెనక రెండు వేళ్లతో తడితే వెనక్కి చూడాలి. కుడి భుజం నొక్కితే కుడికి జరగాలి. ఎవరైనా దూరం నుంచి పిలిస్తే నేను మెల్లిగా తట్టేదాన్ని, అది తిరిగేది. చూసేవాళ్లకి విన్నట్టే ఉండేది. ఈ విద్యలో మేమిద్దరం ఎంత ఆరితేరామంటే, రెండేళ్లపాటు వీధి మొత్తానికి అనుమానం రాలేదు. నేను వెనక లేనప్పుడు పలక్కపోతే "లారీ డ్రైవరు కూతురు, మా రాణీగారు" అని ఎగతాళి చేసేవాళ్లు. మా అత్తగారు ఆ మాటకి సంతోషించేవారు.

లారీలు పెరిగాయి. ఎదురింటావిడ కోడి లారీ కింద పడి పోయింది. ఆ తరవాత కుక్క పోయింది. వానలకి ముందు అదే ఎదురింటావిడ మేక పోయింది. తోలింది మా ఆయన స్నేహితుడు. లారీ దిగి తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు. చుట్టూ జనం చేరారు.

"మేకకి సెవుల్నేవా అక్కా? మలుపు కాడ నుంచి కొట్టుకుంటా వత్తన్నాను."

"మేకకి సెవులున్నాయి. నీకే కళ్లు నేవు."

"కళ్లు రోడ్డు మీద పెట్టాల గానీ మేక మీద పెడితే ఎలాగ? నానేటి దాన్ని పెళ్లి సూపులకి వచ్చినానా?"

కొందరు నవ్వారు. ఎదురింటావిడకీ నవ్వు వచ్చి ఆపుకుంది.

"నువ్వు మలుపు కాడ కొట్టనేదు. మా ఇంటి కాడికొచ్చి కొట్టినావు."

"ఎవలినైనా అడుగు. మలుపు కాడే కొట్టినాను. ఆరన్ కొట్టినాక తప్పుకోకపోతే తప్పు నాది కాదు."

పంచాయతీ అంతా హారన్ ఎక్కడ కొట్టాడన్న దగ్గరే తిరిగింది. ఎంత జోరుగా వచ్చాడని ఎవరూ అడగలేదు. మలుపు దగ్గరే కొట్టాడని ఇద్దరు చెప్పాక మేక తప్పని తేలింది. నేను గుమ్మంలో పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాను. నా అరచెయ్యి చెమట పట్టి, పిల్ల చెయ్యి జారిపోతుంటే మళ్లీ మళ్లీ పట్టుకున్నాను.

వీధి చివర తెలుగు టీచరమ్మ ఒకావిడ ఉండేవారు. ఆవిడ తమ్ముడు ఇంజనీరు, ఊళ్లోనే ఇంకో పేట సోనారిలో ఉండేవాడు. వాళ్ల వీధిలో బళ్లు ఇరవై కిలోమీటర్ల కన్నా జోరుగా పోకూడదని కొత్తగా బోర్డు పెట్టారట. అక్కడ పెట్టినప్పుడు ఇక్కడెందుకు పెట్టరని ఆవిడ అర్జీ రాసి ఇంటింటికీ తెచ్చారు. మా ఇంటికి వచ్చేసరికి మా ఆయన లేరు, అత్తగారు కుళాయి దగ్గర ఉన్నారు.

"మీ ఆయనదీ లారీయే కదమ్మా. నువ్వు వేస్తావా?"

"అందుకే ఏత్తన్నానండి."

ఆవిడ నా మొహం వైపు చూశారు. ఇంకేదో చెబుతానని ఆగారు. వేలిముద్ర వేసి, సిరా మరక చీర కుచ్చిళ్ల లోపలి వైపు తుడుచుకున్నాను.

వానలు తగ్గాక మనుషులు వచ్చి వీధి మొదట్లో గొయ్యి తవ్వి స్తంభం పాతారు. తెల్లటి గుండ్రటి రేకు, చుట్టూ ఎర్ర అంచు, నడుమ రెండూ సున్నా. కింద ఏదో రాసి ఉంది. అది నాకు తెలీదు కానీ అంకెలు తెలుసు, రేషను కార్డు నేర్పింది. ఒక పోలీసాయన వారం రోజులు టీ కొట్టు దగ్గర బల్ల మీద కూర్చున్నాడు. ఆ వారం లారీలు ఎద్దుబళ్లలా నడిచాయి. ఒక మధ్యాహ్నం నేను పిల్ల చేతిలో చిల్లర పెట్టి మూల కొట్టుకి ఒంటరిగా పంపాను. అది వెనక్కి వెనక్కి చూసుకుంటూ వెళ్లింది, నేనున్నానో లేదోనని. బెల్లం ముక్క నోట్లో పెట్టుకుని తిరిగి వచ్చింది. దాని జీవితంలో అది ఒక్కతే నడిచిన మొదటి దారి.

ఆ తరవాత పోలీసాయన రావడం మానేశాడు. మళ్లీ ఎప్పుడు వస్తాడోనన్న భయంతో డ్రైవర్లు మాత్రం కొన్నాళ్లు జోరు పెంచలేదు.

"ఇరవైలో తోల్తే ముసిలోడి సైకిలు దాటేత్తంది" అన్నారు మా ఆయన అన్నం తింటూ. "ఎనకాల కూర్చున్న ఆడి ముసిల్ది నన్ను సూసి నవ్వినాది."

ఆయన నవ్వించడానికే అన్నారు కానీ మొహంలో నవ్వు లేదు. నది దగ్గర ఆలస్యంగా చేరినవాడికి ఇసక ఆఖరున ఎత్తుతారు. రోజుకి రెండు ట్రిప్పులు తగ్గాయి. ఠేకేదారు మనిషి వచ్చి, ఈ డ్రైవర్ల వల్ల కాకపోతే ఇంకెవరి చేతికైనా తాళాలు ఇస్తామని చెప్పి వెళ్లాడు. డ్రైవర్లు వీధి పెద్దల్ని పిలిచారు. ఆదివారం పొద్దున్న, ఆ బోర్డు కిందే అందరూ కూర్చున్నారు. ఆడవాళ్లం గుమ్మాల దగ్గర నిలబడ్డాం. మా ఇల్లు వీధి మొదట్లోనే కాబట్టి మాటలన్నీ వినబడుతున్నాయి.

"ఇరవై అంటే ఇరవై" అన్నారు టీచరమ్మ.

మా ఆయన స్నేహితుడు చేతులు కట్టుకుని లేచాడు. "టీచరమ్మగోరూ, పిల్లల కోసమే గదా తమరు బోర్డు ఎట్టించినారు. మాకూ పిల్లలున్నారు. ఇరవైలో తోల్తే ఆల్లు తినేది ఏటి, ఇసకా?"

"మరి ఏం చేస్తారు?"

"మలుపు కాడ నుంచి ఆకరి ఇల్లు దాటేదాకా ఆరన్ మీద సెయ్యి తియ్యం. పొయ్యిల కాడున్నోలు, ఆడుకునే పిల్లలు, అందరికీ ముందే తెలుత్తాది. ఆరన్ ఇనగానే పిల్లల్ని లోపలికి లాక్కోండి. ఎవలికీ ఏటీ అవదు. అవితే నన్నడగండి."

పెద్దలు తలలూపారు. బాగానే ఉందన్నారు. ఒక బీహారీ తాత, "ఠీక్ బోల్ రహా హై" అన్నాడు, సరిగ్గానే చెబుతున్నాడని. టీచరమ్మ ఒప్పుకోలేదు. గుమ్మాల వైపు తిరిగారు.

"పిల్లల్ని చూసుకునేది ఆడవాళ్లు. వాళ్లని చెప్పనివ్వండి. హారన్ సరిపోతుందా అమ్మా?"

"సరిపోద్దండి" అంది ఎదురింటావిడ. ఆమె పక్కావిడా అదే అంది. టీచరమ్మ చూపు ఒక్కో గుమ్మం దాటి నా దగ్గర ఆగింది. వేలిముద్ర వేసేటప్పుడు ఆగినట్టే ఆగింది.

"నీ మాటేమిటమ్మా?"

మా ఆయన లారీ ముందు బంపరు మీద కూర్చుని నా వైపు చూస్తున్నారు. మా అత్తగారు నా మణికట్టు పట్టుకున్నారు. గట్టిగా పట్టుకోలేదు, ఊరికే పట్టుకున్నారు. పిల్ల నా కాళ్ల దగ్గర కూర్చుని పేడు ముక్కతో నేల మీద గీతలు గీస్తోంది. మా పిల్లకి వినపడదు అన్న ఒక్క మాట చాలు. ఆ మాట నా గొంతులో తయారుగా ఉంది.

"సరిపోద్దండి" అన్నాను.

బోర్డు అలాగే ఉంది. ఎదురింటావిడ కొత్త మేకని ఆ స్తంభానికే కట్టేది. లారీలు మళ్లీ పాత జోరు అందుకున్నాయి. ఒప్పందం కుదిరింది కాబట్టి ఇంకొంచెం ఎక్కువే అందుకున్నాయి. మలుపులో మొదలైన కూత ఆఖరి ఇంటిదాకా తెగేది కాదు. వీధి దానికి అలవాటు పడింది. హారన్ వినగానే తల్లులు మాట ఆపకుండానే చెయ్యి చాచి పిల్లల్ని గుమ్మంలోకి లాగేవాళ్లు. లారీ పోగానే వదిలేవాళ్లు. రోడ్డు మీద మనిషి కనబడితే, వాడు తప్పుకుంటాడన్న నమ్మకంతోనే డ్రైవర్లు తోలేవాళ్లు. అంతకుముందు ఒకరిద్దరైనా చూసి తగ్గించేవాళ్లు. ఇప్పుడా అవసరం లేదు.

నేను ఇంటి పని చేస్తూ మాటిమాటికి బయటికి వచ్చి చూసేదాన్ని. లారీ పోయిన గాలికి పిల్ల గౌను కాళ్లకి చుట్టుకునేది. చిత్రం ఏమిటంటే, ఎప్పుడూ అది లారీకి అడ్డం పడలేదు. నేను తట్టకుండానే ఒక్కోసారి పక్కకి జరిగేది. దేవుడు చూసుకుంటున్నాడనుకున్నాను. మా ఆయన అన్నట్టు వినికిడి తిరిగి వస్తోందేమోనని కూడా అనుకున్నాను. అలా అనుకోవడం హాయిగా ఉండేది.

చలికాలానికి పిల్లని వీధి చివర బడిలో వేశాం. దానికి మొదటిసారి బూట్లు కొన్నాను. తెల్ల గుడ్డ బూట్లు, కింద మందంగా రబ్బరు. అంతవరకూ అది ఉత్త కాళ్లతోనే తిరిగేది. మా ఆయన పసుప్పచ్చ స్వెట్టరు తెచ్చారు. వీధిలో అలాంటిది ఇంకొకటి లేదు.

బడికి వెళ్లడం మొదలుపెట్టిన నాలుగో రోజో ఐదో రోజో. ఆ పొద్దున్న మంచు దిగి, పొయ్యిల పొగ పైకి లేవలేక రోడ్డు మీదే పరుచుకుంది. ఎదురింటి తలుపు కనబడటం లేదు. పిల్ల సంచీ తగిలించుకుని బయల్దేరింది. నేను దాని వెనకే నడవాలి. గడప దాటాక పాలు పొంగిన వాసన వచ్చింది. లోపలికి వెళ్లి గిన్నె దింపి వచ్చాను. అంతే. పాలగిన్నె దింపినంతసేపు.

బయటికి వచ్చేసరికి మలుపులో హారన్ మొదలైంది. బొంగురుగా మొదలై చివర సన్నమవుతోంది. మా ఆయన లారీ. అలవాటు కొద్దీ ముందు నాకు బియ్యం గుర్తొచ్చాయి. తరవాత పిల్ల గుర్తొచ్చింది.

పొగలో దాని వీపు కనబడింది. నడిమి రోడ్డు మీద, సంచీ ఊపుకుంటూ నడుస్తోంది. నేను పరిగెత్తాను. లారీ నన్ను దాటింది. హారన్ ఆగి మళ్లీ మోగింది. గుమ్మాల్లో ఆడవాళ్లు తమ పిల్లల్ని లాక్కున్నారు. నా పిల్లని లాగడానికి ఎవరి చెయ్యీ అందేంత దగ్గరలో లేదు. మూడోసారి మోగింది. పిల్ల వంగి బూటు తాడు చూసుకుంటోంది. అప్పుడు హారన్ ఆగిపోయింది. చక్రాలు నేలని గీరిన చప్పుడు వినబడింది. లారీ పక్కకి తిరిగి, రెండు పొయ్యిల్ని తొక్కి, కాలవలోకి దిగబడింది. దాని వెనక మూల తగిలి పిల్ల ఎగిరి మంచం కోళ్ల మీద పడింది.

నేను వెళ్లేసరికి మా ఆయన కిందకి దూకేశారు. పిల్లని రెండు భుజాలూ పట్టి లేపారు. దాని ఎడమ చెయ్యి వేలాడుతోంది. ఆయన అది చూడలేదు.

"ఇనపడదేటే నీకు? ఇనపడదేటి?"

వీధి వీధంతా వచ్చింది. నిప్పుల మీద ఎవరో నీళ్లు పోస్తున్నారు. పిల్ల ఏడవడం లేదు. ఆయన పెదాల వైపు చూస్తోంది. ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు కోసం అందరూ ఎదురు చూస్తున్నట్టు అనిపించింది. నేను నోరు తెరిచాను.

"పొగరు బావూ" అన్నారు మా అత్తగారు, జనంలోంచి ముందుకు వచ్చి. "ఎవలి మాటా ఇనదు. మొండిది."

"పిల్లని అదుపులో ఎట్టుకోవాలమ్మా" అన్నాడు మా ఆయన స్నేహితుడు నాతో. మంచి మాటగానే అన్నాడు. "అన్న మూడుపాలిలు కొట్టినాడు. అందరం ఇన్నాం."

అందరం విన్నామన్నారు. మేక సంగతిలో అన్నట్టే అన్నారు.

చెయ్యి విరిగింది. కట్టు కట్టించుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చాం. పిల్లకి బూట్లు విప్పి గచ్చు మీద కూర్చోబెట్టాను. మా ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నారు. బయట ఏ చప్పుడూ లేదు. పిల్ల ఉత్త పాదం గచ్చు మీద ఆనించి తలుపు వైపు తల తిప్పింది. ఆ తరవాత మలుపులో ఎవరి లారీదో హారన్ మొదలైంది. అప్పుడు తెలిసింది నాకు. ఇన్నాళ్లూ అది లారీని నేలలోంచి కనిపెడుతూ వచ్చింది. దాని కాళ్లకి మందపు రబ్బరు వేసి బయటికి పంపింది నేను.

మా ఆయన కూడా చూశారు. తరవాత నెమ్మదిగా, పిల్ల వైపు చూడకుండా అన్నారు.

"మూడోపాలి కొట్టినప్పుడు పసుపు కనపడినాది. నాను తెచ్చిన స్వెట్టరే గదా అనుకున్నాను. అప్పుడు తొక్కినాను బ్రేకు."

"ముందు సూడనేదా?"

"పిల్లని సూసినాను. రోడ్డు మీద ఎవలి పిల్లో ఉందని సూసినాను. తప్పుకుంటాదనుకున్నాను. ఎవలి పిల్లో అనుకున్నంతసేపూ సెయ్యి ఆరన్ మీదే ఉంది."

వసారాలో మా అత్తగారు అంట్లు తోమడం ఆపారు.

"మిగతావోలకి ఆ స్వెట్టరు ఎవలిదో తెలీదు" అన్నారు ఆయన.

రాత్రి ఎవరమూ అన్నం తినలేదు. ఏడు లారీలున్నాయి. ఆరుగురు డ్రైవర్లకి మా పిల్ల ఎవరి పిల్లో.

మర్నాడు పొద్దున్న ఆయన ముందే లేచి వెళ్లిపోయారు. నేను పిల్లకి మొహం కడిగి, తల దువ్వి, కట్టు ఉన్న చెయ్యి మీదుగా నా పాత శాలువా కప్పాను. మా అత్తగారు గుమ్మంలో నిలబడ్డారు.

"బడి నేదు గదా. దీన్నెక్కడికి?"

"లారీల కాడికి."

ఆమెకి అర్థమైంది. ద్వారబంధం మీద చెయ్యి అడ్డం పెట్టారు. తియ్యలేదు. నన్ను ఆపనూ లేదు. నేను ఆ చెయ్యి కిందుగా వంగి, పిల్లని ముందు దాటించి బయటికి వచ్చాను.

టీ కొట్టు దగ్గర డ్రైవర్లు గ్లాసులు పట్టుకుని ఉన్నారు. ఇంజన్లు ఇంకా మొదలుపెట్టలేదు. మా ఆయన కాలవలోంచి లాగి తెచ్చిన తన లారీ అద్దం తుడుస్తున్నారు. నన్ను చూసి గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆపారు. వరసలో మొదటిది ఆయన స్నేహితుడి లారీ. పిల్లని దాని ముందు, బంపరుకి వీపు పెట్టి, టీ కొట్టు వైపు మొహం తిప్పి నిలబెట్టాను.

"ఏటి వదినా, పొద్దున్నే?"

"పైకెక్కి ఆరన్ కొట్టు."

"ఏటి ఎకసెక్కమా?"

"కొట్టు బావూ."

అతను మా ఆయన వైపు చూశాడు. అతను ఎక్కి కొట్టాడు. టీ కొట్టు రేకుల మీద కాకులు లేచిపోయాయి. బల్ల మీద కూర్చున్న ఇద్దరు ఉలిక్కిపడి తిట్టారు. పిల్ల కెటిల్ ముక్కులోంచి వస్తున్న ఆవిరి చూస్తోంది.

"ఇంకోపాలి. ఎక్కువసేపు కొట్టు."

ఈసారి మొదలుపెట్టి మధ్యలోనే చెయ్యి తీసేశాడు. తలుపు తెరిచి కిందకి దిగాడు కానీ లారీ దగ్గరే నిలబడిపోయాడు. డ్రైవర్లందరూ గ్లాసులు కింద పెట్టారు.

"మా పిల్లకి ఇనపడదు" అన్నాను. "జొరం వచ్చిన కాడ నుంచి ఇనపడదు. నానే దాసినాను. ఆరన్ సరిపోద్దని ఆరోజు నాను సెప్పింది అబద్దం. బోర్డు మీద ఎంతుందో అంతే తోలు."

నేను పిల్ల మెడ వెనక రెండు వేళ్లతో తట్టాను. అది తిరిగింది. దాని కుడి చెయ్యి పట్టుకుని రెండో లారీ ముందుకి నడిపించి, వీపు తిప్పి నిలబెట్టి, ఆ డ్రైవరుని పైకెక్కమన్నాను.